అత్తమ్మ కోసం తెచ్చిన గట్టి స్ప్రింగులు

మొన్న మా అల్లుడు కొత్త కారు తెచ్చి నంద్యాలలో మా వాకిలి ముందు నిలబెట్టి, గేరు పక్కనున్న చిన్న మీట ఒకటి చూపించి, అత్తమ్మా, ఇది ఇటు తిప్పితే కారు పరుపులా మెత్తగా పోతుంది, అటు తిప్పితే బిగుసుకుని రేసు కారులా పోతుంది, మీ నడుం నొప్పికి మెత్తదే పెడతాను అని ధీమాగా చెప్పాడు. మీట తిప్పితే స్ప్రింగులు మెత్తబడటమా అని నేను నోరు తెరిచాను. పాపం ఆ పిల్లవాడికి తెలియదు గానీ, ఆ మెత్తదనం కోసమే ఒకప్పుడు మా ఇల్లంతా కిందా మీదా పడింది. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు ఎర్రబస్సు వెనక సీట్లో కూర్చుని వెళ్లిన నా ఈడు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, నేను చెప్పబోయేది మీకంటే ముందు మీ నడుముకే అర్థమవుతుంది.

మా ఆయన బడిలో డ్రిల్లు మాస్టరు, వేగమంటే ప్రాణం. బెంగళూరులో ఒక స్నేహితుడి షెడ్డులో ఏళ్ల తరబడి దుమ్ము పట్టి పడి ఉన్న రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారును, ఎవరికీ అక్కర్లేనిదాన్ని, కొత్త పెళ్లికూతురిని తెచ్చుకున్నంత సంబరంగా తెచ్చుకున్నాడు. ఎర్ర రంగు, ఫైబరు ఒళ్లు, నేలకు జానెడు ఎత్తు. సీట్ల వెనక ఒక అరుగులాంటి చోటు, దాని వెనక చిన్న డిక్కీ, అంతే. ట్రాక్టర్లూ ఆటోలూ తప్ప మరొకటి తిరగని మా వీధిలో జనం దాన్ని వంగి వంగి చూసేవారు, వంగకపోతే కనపడదు మరి. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని నేను ఊరుకున్నాను. మా అత్తమ్మ మాత్రం ఊరుకోలేదు, ఆ కారు చూసిన రోజు నుంచీ ఆమెకు ఒకటే ధ్యాస పట్టుకుంది.

మా మామను ఆళ్లగడ్డలో చర్చి వెనకున్న సమాధుల తోటలో పెట్టాం. ఏటా సమాధుల పండుగకు మావాళ్లంతా అక్కడ చేరి, రాళ్లు కడిగి సున్నం వేసి, బంతిపూలు పరిచి, పొద్దు గుంకే వేళకు కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. మామ రాయికి సున్నం అత్తమ్మే వేయాలి, కోడలినైన నా చెయ్యి కూడా పడనిచ్చేది కాదు. అలాంటి మనిషి స్నానాల గదిలో జారిపడి వెన్నుపూస దెబ్బతిని, కుదుపు తగిలితే మంచం దిగలేవని డాక్టరు చెప్పాక, ఆ కారు రాకముందు వచ్చిన పండుగకు ఇంట్లోనే ఉండిపోయింది. బాడుగ కారు మాట్లాడతామంటే ససేమిరా అంది. మామ బతికుండగా, వీడు ఎప్పటికైనా నిన్ను సొంత కార్లో తిప్పుతాడే అని అందరి ముందూ అనేవాడట, ఆళ్లగడ్డ చుట్టాలు పళ్లికిలించి నవ్వేవారట. కాబట్టి కొడుకు కార్లోనే పోవాలి, ఆ గేటు ముందరే దిగాలి. "వచ్చే ఏడు ఎట్లయినా నన్ను మోసుకోనిపోయి ఆడనే పెడతారు గానీ, ఈ ఏడు కూర్చోని పోతా నాయనా" అని ఆమె కొడుకుతో అన్నప్పుడు, దేనికైనా ఎగతాళి చేసే మా ఆయన తిన్నగా బయటికి పోయి కారు కిందికి తొంగి చూశాడు.

చిక్కంతా ఆ కారు స్ప్రింగులతోనే. అవి పాతబడి కుంగిపోయి, గుంత కనపడితే చాలు కారు కడుపు నేలకు కొట్టుకునేది. మార్చాల్సిందే అనుకున్నాడు మా ఆయన. అనుకుని తిన్నగా కంపెనీవి తెప్పించుకుంటే ఈ కథే లేదు, కానీ ఆ కంపెనీ ఆ కారు చెయ్యడమే మానేసింది. అందుకని రేసు కార్ల సామాన్లు అమ్మే బెంగళూరు దుకాణానికి బస్సెక్కి పోయాడు. పోయే ముందు టీ బంకు దగ్గర ఊరంతటి సలహా అడిగాడు, అక్కడే కొంప మునిగింది. మన వైపు లారీలవాళ్లకూ ట్రాక్టర్లవాళ్లకూ తెలిసిన వైద్యం ఒక్కటే కదా, బండి కుంగితే చక్రాల మీది కమానుకు ఇంకొక ఇనప పట్టీ వెయ్యి, ఇంకా కుంగితే ఇంకొకటి వెయ్యి. ఎంత గట్టిగా ఉంటే అంత మేలని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు.

దుకాణంవాడు మెత్తవి, మధ్యరకం, గట్టివి అని మూడు రకాలు ముందు పెట్టి, ఇంటి వాడకానికి మధ్యరకం తీసుకోండి సార్ అని చెప్పాడట. మా నంద్యాల రోడ్లు నీకేం తెలుసయ్యా అని ఈయన గట్టివే తెచ్చాడు. ముసలామెకు మెత్తవి కదా ఉండాల్సింది అని నేనంటే, మెత్తవి గుంతలో కుంగిపోతాయే పిచ్చిదానా, గట్టివైతే నిలబడతాయి అని నాకు పాఠం చెప్పాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నిజం చెప్పాలంటే ఆ స్ప్రింగులు చూస్తే నాకూ ముచ్చటేసింది. పసుపు రంగు, వేలెడు లావు, వాటి నడుమ దూరే నల్లటి షాకబ్జార్లు, ఎత్తు పెంచడానికీ తగ్గించడానికీ మరలున్న ఇనప కట్లు. వంటింట్లో గోనెపట్ట పరిచి పెట్టుకుని రాత్రి అన్నం తింటూ కూడా వాటినే చూసుకున్నాడు మహానుభావుడు.

వాటిని బిగించింది పాణ్యం రోడ్డులో ట్రాక్టరు షెడ్డు నడిపే మా ఆయన చిన్నాన్న కొడుకు, నాకు బావ వరస. చెయ్యి మంచిది, నోరు పెద్దది. అతనికొక పట్టింపు ఉండేది, ఏ ట్రైలరు బాగుచేసినా బరువెయ్యకుండా షెడ్డు దాటనిచ్చేవాడు కాదు. "ఉత్త బండి అబద్ధం చెప్తాదప్పా, బరువేస్తేనే నిజం చెప్తాది" అనేవాడు. పక్కనే బియ్యం మిల్లు ఉండడంతో బస్తాలకు కొదవ లేదు. సరే, నాలుగు చక్రాలకూ కొత్త స్ప్రింగులు వేసి, కట్లు తిప్పి కారును బెత్తెడు పైకి లేపి, అలవాటు ప్రకారం అత్తమ్మ కూర్చోవాల్సిన సీట్లో ఒక బస్తా, వెనక అరుగు మీద ఒకటి, డిక్కీలో ఒకటి వేసుకుని అన్నదమ్ములిద్దరూ పాణ్యం దాకా పోయి వచ్చారు. ఏ గుంతలోనూ కారు నేలకు తగల్లేదు, సీట్లో బస్తా కదల్లేదు. పుట్టిన పిల్లకు పేరు పెట్టినంత సంతోషంగా ఇంటికొచ్చి, అమ్మా, ఇంక నీదే ఆలస్యం అన్నాడు మా ఆయన.

మా అత్తమ్మ ఎంత మనిషని. గట్టిగా గాలి కొడితే చీర కొంగుతోపాటు తనూ లేచేటట్టుండేది. పండుగ ఇంక రెండు రోజులుందనగా, అలవాటవుతుందని ఆమెను ఆ సీట్లో కూర్చోబెట్టి వీధి చివరిదాకా తీసుకుపోయాడు. బస్తాలు దిగిపోయాయి కదా, ఆ స్ప్రింగులకు ఇద్దరు మనుషుల బరువు ఏ మూలకు. చిన్న రాయి తగిలినా కారు మేకపిల్లలా ఎగిరింది. "నిలుపు నాయనా, నా పానం పోతాంది" అన్న మాట వాకిట్లో ఉన్న నాకు వినబడింది. ఆమెను ఇద్దరం ఎత్తి తెచ్చి పడుకోబెట్టాం. మా ఆయన గోడకు ఆనుకుని కూలబడి, అన్నం పెడితే ముట్టలేదు. మళ్లీ బెంగళూరు పోయి రావడానికి వ్యవధి లేదు. అంతటి మనిషి అట్లా చేతులు వేలాడేసుకుని కూర్చోవడం చూడలేక నేను అత్తమ్మ నడుముకు కాపడం పెట్టడానికి లోపలికి పోయాను.

సాయంత్రం బావ వచ్చి ఆయన పక్కనే తల దించుకుని కూర్చున్నాడు. మంచం మీంచి అత్తమ్మే పలకరించింది.

"ఏమప్పా, బస్తాలకు సుఖంగా ఉండె అంటివే?"

"ఉండె పెద్దమ్మా, ఇంత గూడా కదల్లా."

"అట్లయితే బస్తాలేసుకోనే పోదాం. నేను బస్తా అంత లేకపోతిని గానీ, బస్తాలతో కూడా కూర్చోలేనా?"

బావ ఒక్క ఉదుటున లేచి, గట్టి స్ప్రింగు కిందికి దిగాలంటే దాని మీద బరువుండాలి, ఎవరి బరువైతేనేం అని తనే కనిపెట్టినట్టు చెప్పడం మొదలుపెట్టాడు.

పండుగ రోజు, మేము ఏడాది తిండికని పోయించుకున్న బియ్యంలోంచి ఒక బస్తా వెనక అరుగు మీదా, ఒకటి డిక్కీలోనూ, ఒక చిన్న మూట అత్తమ్మ కాళ్ల కిందా సర్దారు. నేను సున్నం డబ్బా, కుంచె, పూలూ పట్టుకుని ముందే బస్సులో ఆళ్లగడ్డ చేరి గేటు దగ్గర నిలబడ్డాను. బస్సుల మీద బస్సులు వచ్చాయి గానీ కారు జాడ లేదు. శిరివెళ్లలో ఆగిపోయిందేమో, ఆమెకేమైనా అయిందేమో అని నేను రోడ్డు మీదికీ గేటు దగ్గరికీ తిరుగుతుంటే, చివరికి నిండు చూలు గేదెలా, వెనక్కి కుంగి, నింపాదిగా నడుచుకుంటూ వచ్చింది మా స్పోర్ట్స్ కారు. సైకిళ్లు దాన్ని దాటుకుని పోతున్నాయి. చుట్టాలంతా మూగారు. అత్తమ్మ వాళ్లెవరినీ చూడలేదు. కొడుకు భుజం పట్టుకుని దిగి, తిన్నగా మామ రాయి దగ్గరికి పోయి, మెల్లగా చతికిలబడి, "వస్తినయ్యా, నీ కొడుకు కార్లోనే వస్తిని" అని చెప్పి, కుంచె కోసం చెయ్యి చాపింది. మా ఆయన నా వెనక్కి వచ్చి నిలబడి నా కొంగుతోనే కళ్లు తుడుచుకున్నాడు.

కొవ్వొత్తులు వెలిగించాక ఇంకొక తమాషా జరిగింది. పోయినవాళ్ల పేరున గేటు దగ్గర బీదాబిక్కీకి ఇచ్చుకోవడం మా ఆనవాయితీ. అత్తమ్మ ఆ సంతోషంలో, కార్లో ఉండే బియ్యమంతా పంచేయండి అంది. కాదనడానికి ఎవరికి నోరొస్తుంది. బస్తాలు ఖాళీ అయ్యాక గాని తిరుగు ప్రయాణం సంగతి ఎవరికీ తట్టలేదు. మా ఆయన ఒకసారి కారునూ, ఒకసారి నన్నూ ఎగాదిగా చూసి, నువ్వుండగా బస్తాలెందుకే అన్నాడు. ఆ రోజుల్లో నేను కాస్త పుష్టిగానే ఉండేదాన్ని లెండి. సీట్ల వెనక అరుగు మీద, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, బియ్యం ధూళిలో కూర్చుని నంద్యాల చేరాను. దారి పొడుగునా అత్తమ్మ వెనక్కి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకునే ఉంది. కుదిపిందా అని అడిగితే, లేదమ్మా, నువ్వు బాగా కూర్చుంటివి అంది.

మరుసటి పండుగ రాకముందే, తను అన్నట్టే, ఆమెను మామ పక్కన పెట్టాం. తర్వాత మా ఆయన మధ్యరకం స్ప్రింగులు తెప్పించి వేశాడు, కారు హాయిగానే పోయేది, అయినా ఎందుకో దాని మీద మనసు పోయి ఎవరికో ఇచ్చేశాడు. ఇప్పుడు ఆయనా ఆ తోటలోనే ఉన్నాడు.

ఈ ఏడు అల్లుడి కార్లో పోయాను. బయలుదేరే ముందు ఒక బియ్యం బస్తా డిక్కీలో వేయించాను. ఈ కారుకు అవసరం లేదత్తమ్మా అని అల్లుడు నవ్వాడు, పంచడానికి లేప్పా అన్నాను. రోడ్డు నున్నగా ఉంది, కారు మెత్తగా ఉంది, శిరివెళ్ల ఎప్పుడు దాటామో కూడా తెలియలేదు. మా అమ్మాయి ముందు సీట్లో ఫోను చూసుకుంటోంది. వెనక సీట్లో నేనొక్కదాన్నే, కాళ్లు చాపుకునేంత చోటు. సుఖంగా లేదని ఎట్లా అంటాను, నడుముకు చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. ఆనాటి అత్తమ్మ గుర్తొచ్చి ముందు సీటు వైపు చెయ్యి చాపి, మా అమ్మాయి ఏం కావాలమ్మా అని అడిగితే, ఏమీ లేదని వెనక్కి తీసుకున్నాను. ఒక ముసలామెను ఆళ్లగడ్డకు చేర్చడానికి ఆనాడు ఇంటిల్లిపాదీ బరువు వేయాల్సి వచ్చింది, ఇప్పుడు నన్ను చేర్చడానికి ఎవరి బరువూ అక్కర్లేదు.