నాయన బుగ్గలో నిలవని గాలి

నాయన తిరుమల ఘాట్‌రోడ్డులో ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. అమ్మ పోయాక తిరుపతిలో నా దగ్గరే ఉంటున్నాడు. డెబ్బై ఎనిమిదో ఏట బాత్‌రూములో జారిపడితే తుంటి ఎముక విరిగింది.

"పుత్తూరుకు పిల్చుకపో. ఆడ ఎముకలకు నాటుకట్టు కట్టించుకోని వచ్చేద్దాం. కోతలు వద్దు," అన్నాడు అంబులెన్సులో.

"ఇది తుంటి నాయనా. ఆపరేషన్ చేయించకపోతే మంచం దిగలేవు."

ఆయన నా ముఖం వైపు చూసి, "సరేప్పా, నీ ఇష్టం," అన్నాడు. ఆ మాట తర్వాత నన్ను చాలా బాధపెట్టింది.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఎముక సంగతి మేం చూసుకుంటాం. ఈ వయసులో ఇలాంటి ఆపరేషన్ తర్వాత గుండె, మెదడు ఇబ్బంది పెట్టొచ్చు. మాటలో, ముఖంలో, చేతిలో ఏ కొంచెం తేడా కనిపించినా వెంటనే చెప్పండి," అంది. నేను తలూపి సంతకం పెట్టాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడే వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేశాడు. మూడోరోజు పొద్దున కాఫీ తాగి, చేత్తో చెంప తడుముకుంటూ, "గడ్డం మాసి దొంగమాదిరి ఉండాను. గీస్తావా?" అన్నాడు.

పెద్దయ్యాక నేను నాయన ముఖం తాకిన గుర్తు లేదు. మా ఇద్దరిదీ అలాంటి చనువు కాదు. సబ్బు నురగ పూసి, ఎక్కడ తెగుతుందోనని భయపడుతూ కుడి చెంప పూర్తి చేశాను.

"ఇప్పుడు ఎడమ బుగ్గ పూరించు నాయనా."

పూరించాడు. గాలి నిలవలేదు. పెదవి మూల నుంచి నురగను తోసుకుంటూ బయటికి వచ్చేసింది. ఇంకోసారి అన్నాను. మళ్లీ అంతే. తమాషా చేస్తున్నాడేమో అనుకున్నాను. ఆయన ఏదో చెప్పబోయాడు గానీ మాట ముద్దగా వచ్చింది. ఎడమ చెయ్యి ఎత్తమంటే సగం దాకా లేచి దుప్పటి మీద వాలిపోయింది.

రేజరు ఎక్కడ పడేశానో తెలియదు, నర్సు కోసం పరిగెత్తాను.

స్కానింగు చేశాక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. అక్కడ కట్టిన రక్తపు గడ్డ మెదడు నాళంలో ఇరుక్కుంది. తుంటి ఆపరేషన్ కొత్తది కాబట్టి గడ్డను కరిగించే మందు ఇవ్వలేరు. తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి గొట్టం పంపి లాగేస్తారు. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే ఆయన చెంపకు నురగ ఇంకా అంటుకునే ఉంది. నడుస్తూనే నా చొక్కా చేతితో తుడిచాను.

బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఆయన మాట విని పుత్తూరుకే పోయుంటే అనుకుంటూనే ఉన్నాను. గడ్డను బయటికి లాగేశారని చెప్పడానికి వచ్చిన డాక్టరమ్మతో ఆ మాటే అనేశాను. "ఆయన వద్దన్నాడు మేడమ్. నేనే బలవంతం చేసినాను."

ఆమె నా పక్కన కూర్చుంది. "చేయించకపోతే ఇది వచ్చేది కాదని ఎవరూ చెప్పలేరు. కదలకుండా పడుకుంటే ఇంకా ఎన్నో ప్రమాదాలు. మీరు వెంటనే పసిగట్టారు చూడండి, అది ఆయనకు మేలు చేసింది."

నాయన బతికాడు. పది రోజులకు మాట తేటపడింది. ఎడమ చెయ్యి మాత్రం పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. చొక్కా గుండీలు నేనే పెడతాను. మొదట్లో సిగ్గుపడి గోడవైపు చూసేవాడు. తర్వాత్తర్వాత గడ్డం పైకెత్తి నిలబడటం అలవాటైంది.

ఇంటికొచ్చిన నెలకు ఒక సాయంత్రం వరండాలో నడిపిస్తున్నాను. కుడి చేతిలో కర్ర, ఎడమ చెయ్యి నా చేతిలో.

"పుత్తూరుకు పిల్చుకపోలేదని నా మింద కోపముండాదా నాయనా?" అని అడిగాను.

ఆయన నిలబడిపోయాడు. "కోపమెందుకప్పా? నేను భయపడి వద్దంటి. నువ్వు భయపడి సేయిద్దామంటివి. ఇద్దురమూ భయపడినోళ్లమే గదా," అన్నాడు.

ఇంకో నాలుగడుగులు వేసి, కాసేపు కూర్చుందామన్నాడు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే స్టూలు లాక్కున్నాను. వీధిలో బండ్లు పోతున్నాయి. ఆయన చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది, ఇద్దరిలో ఎవరమూ వెనక్కి తీసుకోలేదు.