గుమ్మడి పాదున్న ఇల్లు

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. లైన్లనే వరసల్లో మేముండే క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. ప్రతి తలుపు మీదా నంబరుండేది కానీ అమ్మకి చదువు రాదు. పెరట్లో రేకుల షెడ్డు మీదికి తను పాకించిన గుమ్మడి పాదే ఆమెకి చిరునామా.

నాకు నాలుగేళ్ళప్పుడు శ్రీకాకుళం దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళి, అమ్మ తన తమ్ముడికి మా ఇంటి దారి చెప్పిందట. ఆ మాటలు తర్వాత ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పేది.

"టేసన్లో దిగి బొగ్గు వాసనొచ్చే ఏపుకి ఎల్లు. పూరీ గేటని రైలుగేటుంటాది, అది దాటినాక కొమ్మిరిగిన ఆవు పడుకునుంటాది. దాని మూతి ఎటుంటే అటు తిరుగు. కొలాయి కాడ ఆడోల్లు దెబ్బలాడుకుంటుంటారు, అదే మా లైను. రేకుల మీద గుమ్మడి పాదున్నదే మా ఇల్లు."

"ఆవు లేసెల్లిపోతే ఏటి సెయ్యాలప్పా?" అన్నాడట, అక్కని అప్పా అని పిలిచే మావయ్య.

"అది లేవదురా."

ఆ తర్వాత ఆరేళ్ళు అమ్మకి పుట్టింటికి వెళ్ళడం పడలేదు. మావయ్యా రాలేదు.

అమ్మ సంతోషమంతా ఆ పెరట్లోనే ఉండేది. పుట్టింటి విత్తనాలు కొంగున ముడేసుకుని తెచ్చింది. పొయ్యిలో బొగ్గుల బూడిద ఆకుల మీద చల్లేది, బియ్యం కడిగిన నీళ్ళు మొదట్లో పోసేది. పొట్లకాయలు వంకర పోకుండా పట్టాల పక్క కంకర రాళ్ళు తెచ్చి చివర్లకి కట్టేది. పొద్దున్నే గుమ్మడి మగపువ్వు తుంపి ఆడపువ్వుకి రాసి, "ఇంక పిందె నిలబడతాది, సూడే" అని నన్ను పిలిచేది. మిగిలిన పువ్వులు పక్కింటి బెంగాలీ దీదీ పట్టుకెళ్ళి, పిండిలో ముంచి వేయించి, సగం మాకే తెచ్చిచ్చేది.

నా పదో ఏట, వానలు వెనకబట్టే రోజుల్లో పాదుకి పురుగు పట్టింది. అమ్మ రెండు రోజులు బూడిద చల్లి చూసింది. మూడో రోజు మొదలంటా పీకి పారేసింది. "పోనీ, బీర పెడదాం" అంది.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం నేను లైను చివర తొక్కుడుబిళ్ళ ఆడుకుంటున్నాను. మోకాళ్ళదాకా దుమ్ముతో, చేతిలో గుడ్డసంచితో ఒకాయన వచ్చాడు.

"పాపా, రేకుల మీద గుమ్మడి పాదున్న ఇల్లేదమ్మా?"

"ఈ లైన్లో లేదు. నీళ్ళ టాంకీ దాటి వెళ్తే, మేకలు కట్టేసిన ఇంటి పక్కన ఉంది" అన్నాను. అంత బాగా దారి చెప్పినందుకు నాకే గర్వంగా అనిపించింది. ఆయన తల ఊపి అటు నడిచాడు.

దీపాలు పెట్టే వేళకి, వర్క్‌షాపు గేటు దగ్గర దొరికాడంటూ నాన్నతో పనిచేసే ఒకాయన, మధ్యాహ్నం నన్ను దారడిగిన మనిషినే మా ఇంటికి తీసుకొచ్చాడు. ఊరెళ్ళే సాయంత్రం బండి అప్పటికే వెళ్ళిపోయింది.

"అప్పా!" అంటూ మావయ్య గుమ్మంలోనే కూలబడ్డాడు. "అమ్మకి నీల్లు కూడా దిగడం లేదు. నిన్ను సూడాలంటన్నాది."

"టెలిగ్రాం ఇవ్వలేకపోయావేటి?" అన్నాడు నాన్న.

"టెలిగ్రామంటే అప్ప సావు కబురే అనుకుంటాదని నానే ఒచ్చినాను బావా. తెల్లారే దిగినాను. నీ పేరు సెప్తే ముగ్గురిల్లకి అంపినారు. ఆ ముగ్గురూ నువ్వు కాదు. ఇంక గుమ్మడి పాదు కోసం ఎతికినాను. ఎక్కడెక్కడి పాదులో సూసినాను గాని..."

అప్పుడతని చూపు నా మీద పడింది. నన్ను గుర్తుపట్టాడు. నేను తలుపు వెనక్కి జరిగాను. మావయ్య, అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు.

మర్నాటి సాయంత్రం బండెక్కాం. ఆ మర్నాడు మధ్యాహ్నానికి ఊరు చేరేసరికి అమ్మమ్మని కాటికి తీసుకెళ్ళిపోయి కొన్ని గంటలైంది.

"నాకోసం అడిగినాదా?" అంది అమ్మ.

అత్త ఏడుస్తూ, "నిన్న పొద్దోయిందాకా గుమ్మం ఏపే సూసినాది వదినా" అంది.

మావయ్య వచ్చిన రోజు బండే అందుంటే ముందునాటి మధ్యాహ్నానికే ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

తిరిగొచ్చాక నాన్న గోల్‌బజార్ నుంచి బీర గింజలు తెచ్చాడు. పొట్లం కట్టు విప్పకుండానే గింజలు పుచ్చిపోయాయి. రాళ్ళు వేలాడుతూ ఆ పొట్లకాయలు పండి రాలిపోయినా అమ్మ అటు చూడలేదు. "నా సేతుల్తోనే పీకేసినాను" అనేది, అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ హఠాత్తుగా ఆగి. నాన్న ఎంత ఓదార్చినా లాభం లేకపోయింది.

ఆ మధ్యాహ్నం నన్ను దారడిగిన సంగతి మావయ్య చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చిన్నప్పుడు భయంతో ఊరుకున్నాను. పెద్దయ్యాక, ఇప్పుడు చెప్తే అమ్మ మళ్ళీ ఏడుస్తుందని సాకు చెప్పుకున్నాను. చెప్తే అమ్మకి ఆ బరువు సగమైనా దిగేదేమో. అమ్మ ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికింది, తప్పంతా తనదేనని నమ్ముకుంటూ.