దండ లేని ఫొటో

నాకు సంతకం వరకే వచ్చు. ఇది నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మధ్యలో నా మాటలు దిద్దవద్దని ముందే చెప్పాను.

మా ఆయన బందరు కాలేజీలో చదివారు. పాలకాయతిప్ప దగ్గర, చేపల వేటకు వెళ్లే ఇళ్లలోంచి అంత దూరం వెళ్లి చదివింది మా వీధిలో ఆయనొక్కరే. ఆ క్లాసువాళ్లంతా ఏటా ఒకసారి బందరులో కలిసేవారు. నేను చీకటితో లేచి పండుగప్ప చేప పులుసు వండి, గిన్నెకు గుడ్డ కట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేదాన్ని. వాళ్ల ఇంగ్లీషు జోకులు నాకు అర్థమయ్యేవి కావు. గిన్నె మాత్రం ఖాళీ అయ్యేది. నాకు అది చాలు.

మూడేళ్ల కిందట ఆయన పోయారు. ఆయన ఫోను నా దగ్గర మిగిలింది. అందులో ఆ క్లాసువాళ్ల గ్రూపు ఉంది. రాను రాను అందులో వచ్చే కబుర్లన్నీ ఒకటే రకం. ఒకరికి మోకాలి ఆపరేషను, ఒకరికి కళ్లు, ఒకరు మంచం పట్టారు. రాసినవి నేను చదవలేను. మాటలుగా పంపితే వింటాను, ఫొటో పంపితే చూస్తాను. ఫొటోకి దండ వేసి, బొట్టు పెట్టి ఉంటే మనిషి పోయినట్టు. చేతులు జోడించిన బొమ్మ పంపుతాను. దండ లేకపోతే మంచి కబురు. పువ్వు బొమ్మ పంపుతాను. మూడేళ్లూ అలాగే నెట్టుకొచ్చాను.

ఈ వానాకాలంలో ఒక పొద్దున గుడివాడ అన్నయ్యగారి ఫొటో వచ్చింది. మా ఆయనా ఆయనా హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లు. కోటు వేసుకుని నవ్వుతున్నారు. చుట్టూ గులాబీలు, కింద వెలుగుతున్న కొవ్వొత్తి. దండా లేదు, బొట్టూ లేదు. పుట్టినరోజనుకున్నాను. పువ్వు ఒక్కటే పంపితే ఏం బాగుంటుందని నోటితోనే చెప్పాను.

"అన్నయ్యగారూ, నిండు నూరేళ్లు చల్లగా ఉండండి. ఈసారి మీ ఒక్కరికే ఇంకో గిన్నెడు పులుసు తెస్తాను."

అసలే నాది బొంగురు గొంతు. పైగా ఫోనంటే గట్టిగా అరవడం నాకు అలవాటు.

కాసేపటికి బందరు మాస్టారు ఫోను చేశారు. గ్రూపు నడిపేది ఆయనే. గుడివాడాయన ముందురోజు సాయంత్రం పోయారని చెప్పారు. వాళ్లు క్రైస్తవులు. వాళ్లింట్లో పోయినవాళ్ల ఫొటోకి దండ వెయ్యరు, బొట్టు పెట్టరు. అన్నేళ్లు పక్కన కూర్చుని తిన్నాను, ఈ సంగతి నాకు తెలియలేదు.

మాస్టారు కోప్పడలేదు. అదే ఇంకా కష్టమనిపించింది. "పోయినవాళ్ల నంబర్లు తీసేద్దామనుకుంటున్నాం చెల్లెమ్మా. మీ ఆయనే లేనప్పుడు ఎందుకు చెప్పు?" అన్నారు.

నేను పువ్వు పంపినా అక్కడ కనిపించేది మా ఆయన పేరే, ఆయన ఫొటోనే. మా ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అక్కడ కూడా తీసేస్తే ఆ పేరు ఇక ఎక్కడా లేనట్టే. పోయినవాళ్ల ఇంట్లో పెట్టే ప్రార్థన, ఆదరణ కూడిక అంటారట, అది అయ్యేదాకా ఆగండి, ముందు ఆ ఇల్లాలికి నా మొహం చూపించనివ్వండి అని బతిమాలాను.

మూడు బస్సులు మారి గుడివాడ చేరాను. ఒళ్లో గిన్నె లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెళ్లేసరికి ప్రార్థన అయిపోయి జనం భోజనాలకు లేస్తున్నారు. వదినగారు తెల్లచీరలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్కనే మాస్టారు.

"తప్పయిపోయింది వదినా, చదువులేనిదాన్ని" అన్నాను.

ఆమె నన్ను పక్క కుర్చీలో కూర్చోమన్నారు.

"మీ ఆయన పోయినప్పుడు మీ ఇంటికొచ్చాను, గుర్తుందా? గుమ్మంలో 'వెళ్లొస్తాను వదినా' అన్నాను. అలా అనకూడదట. మీ ఆడవాళ్లు నా వెనకాల ఎంత గొణుక్కున్నారో, రోడ్డుదాకా వినిపించింది. నువ్వు మాత్రం సరే అన్నావు."

నిజమే. చావింటికి మళ్లీ వస్తానని చెప్పకూడదు మాలో. నాకది గుర్తే లేదు. ఆ రోజు ఎవరేమన్నా సరే అనేదాన్ని. ఆ మాట ఆమెతో చెప్పలేదు.

నంబర్లు తీసేసే సంగతి ఆమెకు ముందే తెలిసినట్టుంది, మాస్టారి వైపు తిరిగారు. "ఈయన ఫోను కూడా ఇప్పుడు నా దగ్గరే ఉంది అన్నయ్యగారూ. తీస్తే రెండూ ఒకేసారి తీసేయండి."

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, భోజనం చల్లారిపోతోందంటూ లేచారు.

బయల్దేరేటప్పుడు ఏం చెప్పి వెళ్లాలో తోచలేదు. ఆఖరికి వెళ్లొస్తాను వదినా అనే అన్నాను. ఆమె సరే అన్నారు.

చల్లపల్లిలో బస్సు కోసం నిలబడి ఫోను తీశాను. గ్రూపు ఉంది. మా ఆయన పేరు నేను గుర్తుపట్టగలను, అదీ ఉంది. ఎవరో ఒక మోకాలూ నూనె సీసా ఉన్న ఫొటో పెట్టారు. రెండుసార్లు చూసుకుని పువ్వు పంపాను.