అయస్కాంతానికి అంటని పతకం

తొమ్మిదేళ్ల క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం నేనొక మాట అన్నాను. మూడక్షరాల మాట. నకిలీ. అది అబద్ధమని అంటున్నప్పుడే నాకు తెలుసు. అప్పటినుంచి దాన్ని మోస్తూనే ఉన్నాను, ఆఫీసు క్యాబ్‌లో, మెట్రోలో, పిల్లల స్కూలు మీటింగుల్లో. పోయిన నెల దాకా నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఏలూరు. నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. ఇతరులు చేసిన దాంట్లో తప్పు పట్టుకోవడమే నా జీతం. ఆ బుద్ధే నన్ను పతకాల దగ్గరికి తీసుకెళ్లిందేమో. ఢిల్లీ వచ్చిన కొత్తలో పాత సామాన్ల బజారులో ఒక జర్మన్ సైనిక పతకం కనిపించింది. నల్లటి శిలువ, చుట్టూ వెండి అంచు. ఐరన్ క్రాస్ అన్నాడు అమ్మినవాడు. మురిసిపోయి కొన్నాను. తెలిసినవాళ్లు వసంత్ కుంజ్‌లో జోగారావు గారికి చూపించమన్నారు. ఆయన దాన్ని ఒక్కసారి తిరగేసి నవ్వేశారు. "పోతపోసిన సరుకయ్యా ఇది. కూర్చో, ఎలా తెలుస్తాదో చెప్తాను."

అలా ఆయన నాకు మాస్టారయ్యారు. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. భార్య పోయింది. ఒక్కతే కూతురు మాధవి, ఇందిరాపురంలో కాపురం. స్వస్థలం బొబ్బిలి. నలభై ఏళ్లు ఢిల్లీలో ఉన్నా ఆయన మాటలో బొబ్బిలి పోలేదు, మధ్యమధ్య హిందీ వచ్చి చేరింది, అంతే.

అసలు పతకం మూడు ముక్కలతో తయారవుతుందని ఆయనే నేర్పారు. మధ్యలో నల్లరంగు వేసిన ఇనుప శిలువ, దానికి ముందు వెనకల వెండి అంచులు, ఆ రెండు అంచులనూ కలిపిన సన్నని అతుకు. నకిలీలు ఒకే ముద్దగా పోతపోస్తారు కాబట్టి అతుకు ఉండదు. భూతద్దంలో చూస్తే సూదిపోట్లలాంటి గుంటలు కనిపిస్తాయి. చివరగా, దారానికి కట్టిన చిన్న అయస్కాంతం దగ్గరకు తీసుకెళ్లాలి. లోపల ఇనుముంటే అది చటుక్కున వచ్చి అంటుకుంటుంది. పతకం మీదున్న నాజీ పాలన గుర్తు చూసి నా భార్య, ఇలాంటివి ఇంట్లో పెట్టొద్దంది. ఆమె తప్పు కాదు. మాకు ఆ పాలన మీద ప్రేమేమీ లేదు. వస్తువు తన గురించి తాను నిజం చెబుతోందా లేదా, అదొక్కటే మా పట్టుదల. అలా అనుకునేవాణ్ణి.

ఆరేళ్లు దాదాపు ప్రతి ఆదివారం వెళ్లాను. ఢిల్లీలో ఎవరి దగ్గర జర్మన్ పతకం ఉన్నా వెళ్లి చూసి కొలతలు, బరువు, దగ్గర నుంచి తీసిన ఫోటోలు, నా పరిశీలనలు అన్నీ ఒక నోట్సుగా రాశాను. విదేశాల్లోని సేకర్తలకు మెయిళ్లు రాసి సందేహాలు తీర్చుకున్నాను. ప్రతి భాగమూ పూర్తవగానే మాస్టారికి పంపేవాణ్ణి. "మనిద్దరం కలిసి పుస్తకం వేద్దాం" అనేవారు. మనిద్దరం. ఆ మాటను నేను ఎంత నమ్మానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పుస్తకం వచ్చింది. సేకర్తల సమావేశంలో పంచుతుంటే నాకూ ఒకటి అందింది. అట్ట మీద ఆయన పేరే. లోపల చూశాను. ముందుమాటలో, కృతజ్ఞతల్లో, ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో, ఎక్కడా నేను లేను. వాక్యాలు మాత్రం నావి. నేను అంకెలు తారుమారు చేసి రాసిన ఒక కొలత కూడా అలాగే అచ్చయింది. ఎవరో నన్ను చూపించి ఈయనెవరని అడిగితే, మాస్టారు నా భుజం మీద చెయ్యేసి, "మన కుర్రాడే. టైపింగ్ అంతా ఇతనే చేశాడు" అన్నారు.

నాకప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్లు.

నేను నవ్వాను. అందరితో కలిసి సమోసా తిన్నాను. ఇంటికి వచ్చి పుస్తకాన్ని నా నోట్సు పక్కన పెట్టుకుని వరసగా చదివాను. నమ్మినవాడు చేసిన ద్రోహం వింతగా ఉంటుంది. కోపం వెంటనే రాదు. ముందు మన మీద మనకే అనుమానం వస్తుంది. నేనంత చేశానా? నిజంగా టైపింగేనేమో? ఆరేళ్ల ఆదివారాల్లో ఆయన నన్ను ఎప్పుడైనా సాటివాడిగా చూశారా, లేక చెప్పిన పని చేసే మనిషిగా చూశారా? ఇంకొకటి గమనించాను. నా నోట్సులో చివరి భాగం పుస్తకంలో లేదు. అంటే ఆయన అక్కడిదాకా చదవనే లేదు. ఆ చివరి భాగంలో ఉన్నది ఇది: కొన్ని అసలైన పతకాల్లో లోపలి శిలువ ఇనుముది కాదు, ఇత్తడిది. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా నావికుల కోసం అలా చేశారని కొందరంటారు. ఆ కారణం రుజువు కాలేదు. కానీ అలాంటి పతకాలు ఉన్నాయి. వాటికి అయస్కాంతం అంటదు.

మూడు వారాలకు ఆయన ఫోన్ చేశారు. "ఆదివారం ఒక్కడివే రా అబ్బాయ్."

వెళ్లాను. ఎందుకు వెళ్లాను? క్షమించమంటారేమోనని. అవును, ఆ ఆశతోనే. ఆయన పుస్తకం మాటే ఎత్తలేదు. బీరువాలోంచి ఒక చిన్న పొట్లం తెచ్చి నా ముందు పెట్టారు. గాయాలకు కట్టే పాత గాజు గుడ్డ. విప్పితే లోపల ఐరన్ క్రాస్.

"మా నాన్నది" అన్నారు. "రెండో యుద్ధంలో ఈజిప్టులో మిలటరీ ఆసుపత్రి కాంపౌండరు ఆయన. ఓడ మునిగి ఒళ్లంతా కాలిపోయిన జర్మన్ నావికుడొకడు ఖైదీగా వచ్చాడంట. మూడు నెలలు నాన్నే కట్లు కట్టాడు. వెళ్లిపోయేటప్పుడు వాడు ఇది నాన్న చేతిలో పెట్టేశాడు."

"ఇన్నేళ్లూ నాకు చూపించలేదే?"

"ఎవరికీ చూపించలేదు. ఊళ్లో నాన్నని జర్మనీ కోతలరాయుడనేవోరు. బజార్లో కొనుక్కొచ్చి కథలు చెప్తున్నాడని చుట్టాలే నవ్వేవోరు. మా అప్ప, అదే మా అక్క, ఒక్కర్తే నమ్మింది. నాకు నమ్మాలని ఉండేది, ధైర్యం లేకపోయింది. నాను ఈ పతకాల్లోకి దిగిందే దీని కోసం. తీరా నేర్చుకున్నాక దీన్ని చూడాలంటే చేతులు రాలేదు."

"మీరే చూడొచ్చు కదా మాస్టారూ?"

"నా కళ్లు నాన్న పక్షం మాటాడతాయి. నీ కన్ను మీద నాకు నమ్మకం. నువ్వేటి చెప్తే అదే."

తీసుకుని భూతద్దం కింద పెట్టాను. రెండు నిమిషాలు చాలింది. అంచుల అతుకు సన్నగా, చక్కగా ఉంది. అంచు మీది పూసల్లాంటి చుక్కలు పదునుగా ఉన్నాయి. పోత గుంట ఒక్కటి లేదు. రింగు మీద తయారీదారు ముద్ర ఉంది. నేను అంతవరకు చూసిన వాటిలో అంత శుభ్రమైన పతకం మరొకటి లేదు. తర్వాత అలవాటుగా అయస్కాంతం తీశాను. అది దారానికి నిటారుగా వేలాడింది. పతకం వైపు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఇత్తడి శిలువ. నావికుడిది. తండ్రి చెప్పిన ప్రతి మాటా నిజమని ఆ పతకం నా అరచేతిలో సాక్ష్యం చెబుతోంది.

"అంటలేదేటి?" అన్నారు మాస్టారు. కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

నోట్సు చివరిదాకా చదివి ఉంటే ఆ ప్రశ్న అడిగేవారు కాదు. నాకు ఆ ఆలోచనే వచ్చింది. నా వాక్యాలు తీసుకున్నారు, చదవనైనా చదవలేదు. ఆ కోపంలో ఎంత సుఖముందో మీకు ఎలా చెప్పను? ఆలోచించకుండా అనేశానని చెబితే ఇక్కడ కూడా అబద్ధమాడినట్టే. ఆలోచించే అన్నాను.

"లోపల ఇనుము లేదు మాస్టారూ. నకిలీ."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

ఆయన భూతద్దం పక్కకు జరిపారు. "అచ్ఛా" అన్నారు. గాజు గుడ్డను మడతపెట్టి తన జేబులో పెట్టుకున్నారు. పతకాన్ని నా వైపు నెట్టారు. "తీసుకుపో. కొత్తగా నేర్చుకోడానికి వచ్చినోళ్లకి నకిలీ ఎలాగుంటాదో చూపించు."

చూపించాను. అది చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగమే. ఆయన ఇంట్లో ఆదివారం పాఠాలు ఆగిపోయాక కొత్తవాళ్లు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. వాళ్ల ముందు ఆ పతకాన్ని పెట్టి, అయస్కాంతం వేలాడదీసి, చూడండి, ఎంత బాగా చేసినా మోసం దాగదు అని పాఠం చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో.

ఆ వారమే ఆయన బొబ్బిలికి ఫోన్ చేశారట. నాన్న మనకు అబద్ధం చెప్పాడని అక్క అప్పాయమ్మ గారితో అన్నారట. ఆవిడ, నాన్నని దొంగంటావా అని ఫోన్ పెట్టేశారట. ఏటా తండ్రి తద్దినానికి ఊరు వెళ్లే మనిషి ఆ ఏడు వెళ్లలేదు. ఇది నాకు ఆయనే చెప్పారు. విని, కాఫీ తాగి, వచ్చేశాను.

రెండేళ్లకు పుస్తకం మళ్లీ అచ్చయింది. మాస్టారు స్వయంగా మా ఇంటికి తెచ్చిచ్చారు. అట్ట మీద నా పేరు ముందు, ఆయన పేరు తర్వాత. లోపల పాత పాఠమే, నా నోట్సు చివరి భాగం ఇందులోనూ లేదు. "మొదటిసారి నీకు అన్యాయం చేశాను అబ్బాయ్. పేరు మీద ఆశ. నన్ను క్షమించు" అన్నారు. సోఫాలో కూర్చున్న డెబ్భై ఏళ్ల మనిషి నా చెయ్యి పట్టుకుని ఆ మాట అంత తేలిగ్గా అనేశారు. ముందుమాటలో ఇంకొకటి రాశారు. "నా తండ్రి దాచుకున్న పతకం గురించి కూడా మొహమాటం లేకుండా నిజం చెప్పిన నిజాయితీపరుడు ఇతడు" అని.

అప్పుడు చెప్పాల్సింది. తలుపు తెరిచే ఉంది. ఆయన తన వంతు చేసేశారు. నేను, ఫర్వాలేదు మాస్టారూ, అన్నాను. నేనే ఆయన్ని క్షమించాను! ఆయన నాకు చేసింది ద్రోహమే, ఇప్పటికీ అంటాను. కానీ ఆయన తీసుకున్నది తిరిగి ఇచ్చేశారు. నేను తీసుకున్నది ఆయన తండ్రిని.

పోయిన ఏడు మాస్టారు పోయారు. అప్పాయమ్మ గారితో మాట్లాడకుండానే పోయారు.

పోయిన నెల పతకం తీసుకుని ఇందిరాపురం వెళ్లాను. మాధవికి మొత్తం చెప్పాను. తను ఏడవలేదు, తిట్టలేదు. "అన్నయ్యగారూ, నాకు కాదు. పెద్దత్తకి చెప్పండి" అని ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఉంచింది. ఎనభై దాటిన అప్పాయమ్మ గారికి చెవులు సరిగా వినపడవు.

"పతకం అసలుదేనండీ" అన్నాను.

"ఏటి? గట్టిగా చెప్పు బాబూ."

"మీ నాన్నగారి పతకం అసలుదే! నేను అబద్ధం చెప్పాను!"

"ఎవులు చెప్పారు అబద్ధం?"

నిలబడి అరిచాను. "నేనేనండీ! తెలిసే చెప్పాను! నేనే!" లోపల గదిలో మాధవి కొడుకు ఆడుతున్న ఆట ఆపేశాడు. పక్క ఫ్లాట్‌వాళ్లకు తెలుగు రాకపోయినా వినపడే ఉంటుంది.

ఆవిడ మామూలుగానే అన్నారు. "అది అసలుదేనని నాకు ఎరికే బాబూ. నాన్న అబద్ధం ఆడడు. మా తమ్ముడికి చెప్పావా, పోయేముందు?"

"లేదండీ."

ఆవిడ ఫోన్ పెట్టేశారు. మాధవి పతకాన్ని తీసుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ రాలేదు. నేనే తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

కింద ఈ-రిక్షా అతను ఎక్కడికి అని అడిగితే మెట్రో అని చెప్పబోయాను. గొంతు పెగల్లేదు. అరిచి అరిచి బొంగురుపోయింది. రెండు రోజులు అలాగే ఉంది. ఏమైందని నా భార్య అడిగింది. మిరియాల పాలు ఇచ్చింది. తాగుతూ, కూర్చోమని సైగ చేసి, ఉన్న గొంతుతోనే ఆమెకు మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.