ఐదొందల నిమ్మకాయ

నిమ్మకాయలతో దిష్టి తీసేవాళ్లను మీరు చూసే ఉంటారు. నిమ్మకాయలతో ఒక సంస్థను నిలువునా ముంచిన మహానుభావుణ్ణి మాత్రం చూసి ఉండరు. ఇదిగో, చూసుకోండి, నేనే. ఒకటీ రెండూ కాదు, మూడు వందల నలభై నిమ్మకాయలు పట్టాయి ఆ పనికి. వరద రాలేదు, దొంగలు పడలేదు, ఎవరూ మోసం చేయలేదు. నేనొక్కణ్ణే కుర్చీలో కుదురుగా కూర్చుని, నీలం ఇంకుతో, కింద రెండు గీతలు కొట్టి మరీ చేశాను.

పదకొండేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మాది చొప్పదండి. మా బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేసేవాడు. నేను బి.కాం. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఈ ముక్క అడిగినవాళ్లకూ చెప్పేవాణ్ణి, బస్సులో పక్క సీటులో కూర్చున్న పాపానికి అడగనివాళ్లకూ చెప్పేవాణ్ణి. అంత చదువుకు దొరికిన ఉద్యోగం లక్సెట్టిపేట అవతల, గోదావరి ఒడ్డున, నాలుగెకరాల తోటలో లెక్కలు రాయడం.

దానికి రిజిస్టరైన పేరు ఒకటి ఉండేది గానీ ఎవరూ పలికేవారు కాదు. అందరికీ అది 'తోట', అంతే. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన సిస్టరమ్మ దాన్ని ఒక పటేలు దగ్గర కౌలుకు తీసుకుంది. ఇప్పచెట్లు, వేపచెట్లు, రెండు పెద్ద మద్దిచెట్లు. నిద్ర పట్టనివాళ్లు, గుండెదడ తగ్గనివాళ్లు, మనిషి పోయిన దుఃఖంలోంచి లేవలేనివాళ్లు వచ్చి రెండు మూడు రోజులుండేవారు. పొద్దున మొక్కలకు నీళ్లు పోయడం, మధ్యాహ్నం చెట్టు కింద పడుకోవడం, సాయంత్రం గోదావరి ఒడ్డున ఊరికే కూర్చోవడం. నెలకోసారి కరీంనగర్ నుంచి డాక్టరు వచ్చి చూసేవాడు. ఆయనిచ్చిన గోళీలు ఎవరైనా మానేస్తే సిస్టరమ్మ చెట్టుకు కట్టేసేంత పని చేసేది.

అందరిలోకి నాకు బాగా గుర్తున్నది కనకయ్య కాక. ఇరవై ఐదేళ్లు సాంచాల మధ్య నిలబడి పనిచేసిన మనిషి. సాంచా ఆగిపోయినా ఆయన చెవుల్లో ఆ టకటక ఆగేది కాదు.

"ఇంట్ల పండుకుంటె నెత్తిల సాంచ నడుస్తది సారు," అనేవాడు నాతో. "గీ మద్దిచెట్టు కింద పంటెనే బందైతది. ఎందుకో నాకు తెల్వదు, డాక్టరుకు తెల్వదు."

వచ్చినవాళ్ల దగ్గర డబ్బు ఎక్కడిది? చేతనైంది ఇచ్చేవారు. ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపుంజు, ఒకరు తాము నేసిన తువ్వాల. కనకయ్య కాక భార్య తమ పెరట్లో కాసిన నిమ్మకాయలు సంచులకు సంచులు పంపేది. అసలు ఖర్చులు మాత్రం హైదరాబాదులోని ఒక ట్రస్టు ఇచ్చే సాయంతో గడిచేవి. పటేలుకు ఏడాదికి అరవై వేల కౌలు, డాక్టరు రాకపోకలు, నా ఏడు వేల జీతం, అన్నీ అందులోనే. ట్రస్టు సాయం ఆగితే కౌలు ఆగుతుంది, కౌలు ఆగితే కనకయ్య కాక నిద్ర ఆగుతుంది. ఇంత సులువైన లెక్క మూడో తరగతి పిల్లలకూ అర్థమవుతుంది. నేను ఫస్ట్ క్లాసు కదా, అర్థం కాలేదు.

మార్చి ఆఖరుకు సిస్టరమ్మ నన్ను పిలిచింది.

"నిరుడు నేనే లెక్క రాస్తె ట్రస్టోళ్లు కోపం జేసిండ్రు కొడుకా. జనం తెచ్చిన సామాను ఎందుకు రాయలేదన్నరు. ఈసారి జర గవ్వి గూడ ధర గట్టి రాయి."

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. నేనున్న గద," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప మీద నేనే ఒకటి ఇచ్చుకోవాలనిపిస్తుంది.

రాయడం మొదలుపెట్టాను. నాకొక నియమం ఉండేది. రశీదు లేనిదే అంకె వేయకూడదు. అంగట్లో నిమ్మకాయలమ్మే ముసలమ్మ దగ్గరికి పోయి, ధర రాసి సంతకం పెట్టి ఇమ్మని అడిగాను. ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "కొంటవా, పోతవా?" అంది. రెండో పని చేశాను.

ఆఫీసు బీరువా అంతా గాలిస్తే ఒక కాగితం దొరికింది. ఆహా, ఏం కాగితమది! వరుస నంబర్లు, వస్తువులు, ధరలు, అడుగున పాస్టరయ్య సంతకం, గుండ్రటి ముద్ర. నిమ్మకాయ ఒకటి, ఐదు వందలు. గుమ్మడికాయ ఒకటి, పద్దెనిమిది వందలు. కోడిపుంజు ఒకటి, మూడు వేల రెండు వందలు.

అది సిస్టరమ్మ వాళ్ల చర్చిలో కోత పండుగ నాటి వేలంపాట చిట్టా. వాళ్ల ఆనవాయితీ మీకు తెలిసే ఉంటుంది. పంట ఇంటికి రాగానే తలా కొంత తెచ్చి దేవుడి ముందు పెడతారు, తరవాత వాటికి వేలం పెడతారు. అక్కడ ఎవరూ కాయను కొనరు, కాయ పేరు చెప్పి కానుక ఇస్తారు. పాడుకున్నవాడు అదే కాయను తిరిగి ఇచ్చేస్తే దానికి మళ్లీ పాట పెడతారు. ఆ ఏడు వచ్చిన సొమ్ములో సగం తోటకు ఇచ్చారు కాబట్టి చిట్టా నకలు మా బీరువాలో ఉంది. పద్మశాలీల ఇంట పుట్టిన నాకు ఈ సంగతులేవీ తెలియవు. నిమ్మకాయ ఐదు వందలు ఉండదని తెలియదా అంటారా? మనిషిగా తెలుసు. బి.కాం.గా మాత్రం నా ముందు ముద్ర ఉంది, సంతకం ఉంది.

ఇక చూస్కోండి నా సామిరంగా! మూడు వందల నలభై నిమ్మకాయలు, లక్షా డెబ్బై వేలు. నలభై గుమ్మడికాయలు, డెబ్బై రెండు వేలు. పన్నెండు పుంజులు, ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు. అవన్నీ తినేశారు కదా, ఖర్చు కింద తీసేయాలి కదా అని మీకు తోస్తుంది. నాకూ తోచింది. కానీ తిన్నదానికి రశీదు లేదే!

అదే వారం సిస్టరమ్మకు కంటి ఆపరేషన్ అయింది. ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"నువ్వు సదివినవు గద. నేను సంతకం యాడ వెట్టాల్నో సూపెట్టు," అంది.

చూపించాను. వేలు పట్టుకుని మరీ చూపించాను. ఆడిటరుగారు కూడికలు సరిపోయాయని మెచ్చుకుని ముద్ర కొట్టారు. లెక్కలు హైదరాబాదు పోయాయి. నేను పావుకిలో కలాకంద్ కొని అందరికీ పంచాను.

జూన్‌లో ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికి సిస్టరమ్మకు కళ్లు బాగా కనిపిస్తున్నాయి, నా ఖర్మ. మద్దిచెట్టు కింద కూర్చుని పైకే చదివింది. మీరు మీ కాళ్ల మీద నిలబడినందుకు అభినందనలు, ఇంత మిగులు ఉన్నందున మా సాయం ఇకపై మీకంటే అవసరంలో ఉన్నవారికి ఇస్తాం, సెలవు.

"మిగులంటున్నరు. యాడున్నది కొడుకా మిగులు?"

"నిమ్మకాయలల్ల ఉన్నది అమ్మా."

"ఏ నిమ్మకాయలు?"

"కనకయ్య కాక వాళ్లు పంపినయి. లక్షా డెబ్బై వేలవి."

"గవ్వి తొక్కు పెట్టినం గదరా!"

ఆమె చూపు వంటింట్లో ఉన్న రెండు పచ్చడి జాడీల వైపు తిరిగింది. నా చూపూ తిరిగింది. లోకంలో అంత ఖరీదైన తొక్కు ఏ రాజుల ఇంట్లోనూ ఉండి ఉండదు. నేను చిట్టా తెచ్చి చూపించాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. తిట్టకుండా నవ్వడం మొదలుపెట్టింది. కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వు ఆగాక కూడా ఆ నీళ్లు ఆగలేదు. అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో.

ట్రస్టు మేడంకు ఫోన్ చేశాను.

"మేడం, తప్పయింది. ఆ నిమ్మకాయలు ఐదు రూపాయలవే."

"మరి ఐదు వందలని రాసి ముద్ర వేయించారు కదా?"

"అది భక్తి ధర మేడం."

"బాబూ, మా దగ్గర ఆ కాలమ్ లేదు. ఫైలు మూసేశాం. వచ్చే ఏడు కొత్తగా దరఖాస్తు పెట్టుకోండి."

నేను తోట విడిచి పారిపోదామని బట్టలు సర్దుకున్నాను. కనకయ్య కాక గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"యాడికి సారు? నువ్వు వోతె కౌలు పైసలస్తయా? నా నెత్తిల సాంచ మల్ల షురువైతది. గప్పుడు నేనెవ్వల్ని తిట్టాలె? నువ్వుండాలె."

సిస్టరమ్మ మాత్రం నిబ్బరంగా ఒక మాట అంది. "నిమ్మకాయకు గా ధర ఎట్ల పుట్టిందో నీ కండ్లతోని సూద్దువు. ఐతారం దాకా ఆగు."

ఆదివారం ఆరాధన అయిపోగానే చర్చివాళ్లు తోటకు వచ్చారు. తోటలో ఎప్పుడో రెండు రోజులు పడుకుని పోయినవాళ్లు కూడా వచ్చారు, సాంచాలు ఒక పూట ఆపుకుని. కౌలు అడగడానికి వచ్చిన పటేలు, ఈ జాతర ఏమిటా అని ఆగాడు. కనకయ్య కాక జేబులోంచి ఒకే ఒక్క నిమ్మకాయ తీసి పాస్టరయ్య చేతిలో పెట్టాడు.

"యాభై!" అన్నాడు తనే మొదట.

"వంద!" అంది బీడీలు చేసే రాజవ్వ, కొడుకు పోయాక ఏడాదిపాటు వస్తూ పోతూ ఆ ఇప్పచెట్టు కిందే మాట్లాడకుండా కూర్చున్న మనిషి. పాట ఆమెకే వచ్చింది. నోటు ఇచ్చి కాయను తిరిగి ఇచ్చేసింది. మళ్లీ పాట. మూడు వందలు. కాయ తిరిగి వచ్చింది. ఐదు వందలు. మళ్లీ వచ్చింది. యాభై మంది కొన్నా ఆ కాయ ఎవరి ఇంటికీ పోలేదు. నేను రాసుకుంటూ కూర్చున్నాను, అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

పటేలుకు రోషం వచ్చింది. "ఏందివయా, నా భూమిల నిలవడి గిందరు పాడుతుండ్రు, నేను పాడద్దా? రెండు వేలు!"

"మూడు వేలు పటేలా," అన్నాడు కనకయ్య కాక. ఆయన జేబులో మూడు వందలు కూడా లేవని నాకు తెలుసు.

"ఐదు వేలు!"

"గిది నీకే వెట్టుకో పటేలా," అని కనకయ్య కాక చల్లగా కూర్చున్నాడు. అలా తన కౌలు కొంత తనే కట్టుకున్న భూస్వామిని నేను మళ్లీ చూడలేదు. ఆఖరి పాట నాది. నా నెల జీతం ఏడు వేలు. నాకు పోటీగా ఎవరూ పాడలేదు. మొత్తం నలభై ఒక్క వేలు అయింది. మిగిలింది ఏడాది ఆఖరుకు ఇవ్వమన్నాడు పటేలు.

సిస్టరమ్మ ఆ నిమ్మకాయను కోసి బిందెడు నీళ్లలో పిండింది. అందరికీ తలా ఒక గుక్క వచ్చింది. నిమ్మ వాసన కూడా తగల్లేదు. అంత తియ్యటి నీళ్లు నేను మళ్లీ తాగలేదు.

కథ ఇక్కడ ఆపితే బాగుండు. కానీ అది ఒక్క ఏడాదికే సరిపోయింది. ఆ మరుసటి ఏడు మేం పెట్టుకున్న దరఖాస్తు ట్రస్టుకు నచ్చలేదు. పటేలు కొడుకులు భూమిని ప్లాట్లు చేశారు. ఇప్పుడు అక్కడ ఎర్ర రంగు పూసిన రాళ్లున్నాయి. నేను కరీంనగర్‌లో పెద్ద పెద్ద వ్యాపారుల లెక్కలు రాస్తున్నాను, ఏసీ గదిలో. కళ్లు మూసుకుంటే ఆ ఇప్పపూల వాసన వస్తుంది. నాకు ఆ తోట కావాలి. సాయంత్రం ఆ ఒడ్డున, ఏ పనీ లేకుండా, సిస్టరమ్మ పక్కన కూర్చోవాలి. ఇంతకంటే దాపరికం లేకుండా చెప్పడం నాకు రాదు.

తోట పోయినా సిస్టరమ్మ ఒక పని మానలేదు. ప్రతి మార్చి ముప్పై ఒకటిన, నేను లెక్కల్లో తలమునకలై ఉన్నప్పుడు ఫోన్ చేసేది.

"కొడుకా, ఇయ్యాల నిమ్మకాయ ఎంతున్నదిరా?"

"ఐదొందలు అమ్మా."

"తగ్గలేదన్న మాట," అని నవ్వి పెట్టేసేది.

మొన్న మార్చిలో ఆ ఫోన్ రాలేదు. అంతకు రెండు నెలల ముందే ఆమె పోయింది. పెట్టెను మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. అయినా ఆ రోజంతా ఫోన్‌ను బల్ల మీద పెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చున్నాను.

ఆ తరవాత కోత పండుగకు ఆమె చర్చికి పోయాను. వెనక వరుసలో కనకయ్య కాక ఉన్నాడు, బాగా వంగిపోయాడు.

"సాంచ సప్పుడు ఎట్లున్నది కాకా?" అన్నాను.

"అస్తనే ఉంటది సారు. కండ్లు మూస్కోని మన మద్దిచెట్టును తల్సుకుంట. జరంత తగ్గుతది."

వేలం మొదలైంది. కొత్త పాస్టరయ్య ఒక నిమ్మకాయ ఎత్తి, "ఇరవై రూపాయలు," అన్నాడు.

"ఐదు వందలు," అన్నాను.

"సార్, ఇంకా ఎవ్వలు పాడలే. ఇరవైకే మీకస్తది గద?"

"లేదయ్యా. దాని ధర అంతే. పదకొండేళ్ల నుంచి మారలే."

చర్చి అంతా నా వైపు తిరిగి చూసింది. వెనక నుంచి కనకయ్య కాక గొంతు గట్టిగా వినిపించింది.

"లెక్కల సారూ, రశీదు తీస్కో! లేకుంటె రాయరాదు!"

కాబట్టి పాఠక మహాశయులారా, గోదావరి సాక్షిగా, నా ఫస్ట్ క్లాసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ, ఎవరు ముద్ర వేసి ఇచ్చినా సరే, ఏ లెక్కల పుస్తకంలోనూ నిమ్మకాయకు ధర కట్టను. ఆ రోజు రశీదు తీసుకున్న మాట నిజమే. అది నా చొక్కా జేబులో ఉంది, ఏ ఖాతాలోనూ రాయలేదు.