దొరసాని పక్క సీటు

మావారు పోయిన మరుసటి ఏడు, చెల్లెలిని చూడటానికి బోధన్ వెళ్తూ నిజామాబాద్‌లో ఆ ఊరి మీదుగా పోయే చందూర్ బస్సెక్కాను. చాలామంది నిలబడే ఉన్నారు. ముగ్గురు పట్టే ఒక సీటులో మాత్రం తెల్లచీర కట్టుకున్న ముసలావిడ ఒక్కరే కూర్చున్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. అందరూ మాటలాపి నా వైపు చూశారు.

ఆవిడ కొంచెం జరిగి, చెరకు నరకడానికి పోతున్న ఒక కూలి మనిషితో, "పోశవ్వా, నువ్వు గూడ కూసోవే" అన్నారు.

"వద్దు దొరసాని. కూసుంటే నిద్రొస్తది, నా ఊరు దాటిపోత."

నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఎవరూ కూర్చోలేదు.

ఆవిడ మెల్లగా నాతో అన్నారు: "మేం దొరలం, కోట లెక్కుండే గడీల ఉండెటోళ్ళం. నా పెనిమిటి నిజాం మీద తిరగబడ్డడు. గీళ్ళకు తుపాకులిచ్చి, తను గూడ ఎంబడి నడిసిండు. దొరల ముందట ఇంక ఎవ్వరు నిలబడొద్దనెటోడు. గా కొట్లాటలనే పానమిడిసిండు. నిజాం రాజ్యం పోయి ఇరవై ఏండ్లాయె. గీళ్ళు ఇంక నా పక్కన కూసోరు."

"భయమా?" అని అడిగాను.

"భయమైతే నచ్చజెప్పి కూసోబెడుదు. గిది ఆయన మీద మర్యాదమ్మా."

బోధన్ వచ్చింది. ఆవిడ ఊరు చందూర్ దగ్గరట.

"దిగుతరా?" అని అడిగారు.

చెల్లెలు సాయంత్రం దాకా ఆగగలదు. కండక్టరును పిలిచి చందూర్‌కు టికెట్ తీసుకున్నాను.