జేజి నోరు విప్పిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మెలకువ వచ్చి కూడా కళ్లు తెరవలేక, వేలు కదపలేక పడుకొని, మా జేజి చెప్పిన కబుర్లు విన్నాను. ఇప్పుడు నాకు ఆనాటి జేజి వయసు వచ్చింది. అయినా ఆ గొంతు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది.

జేజి అంటే మా నాన్నను కన్న తల్లి. మా ఇల్లు జమ్మలమడుగులో. నాన్నకు ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. అమ్మ, నాన్నకు స్వయానా అక్క కూతురు. మా బంధువుల్లో పిల్లనివ్వడం, తెచ్చుకోవడం ఎప్పుడూ ఆ నాలుగిళ్ల మధ్యనే జరిగేది. అందుకే జేజి అమ్మకు అత్తా అవుతుంది, అవ్వా అవుతుంది.

ఆ సెలవుల్లో నాకు కడుపునొప్పి వచ్చి తగ్గలేదు. ప్రొద్దుటూరు తీసుకుపోతే, అక్కడ ఒక చిన్న నర్సింగ్ హోములో అపెండిక్స్ అని చెప్పి, ఆ పూటే ఆపరేషన్ చేయాలన్నారు. మత్తు లేకుండా చేయలేరా అని జేజి మళ్లీ మళ్లీ అడిగింది. ఎందుకని నాన్న విసుక్కుంటే, ఊరికే భయమని చెప్పి ముఖం పక్కకు తిప్పుకుంది. లోపలికి తీసుకుపోయేటప్పుడు ఆమె నా పాదం పట్టుకొని చాలాసేపు వదలలేదు.

తర్వాత జరిగిందాంట్లో సగం నేను విన్నది, సగం పెద్దవాళ్లు చెప్పగా తెలిసింది. ఆపరేషన్ బాగా అయింది. కానీ నేను ఊపిరి తీసుకోలేదు. గొంతులోకి గొట్టం వేసేముందు ఒళ్లు వదులు కావడానికి ఒక ఇంజక్షన్ ఇస్తారు. అందరికీ కొద్ది నిమిషాల్లో విరిగిపోయే మందు అది. నాలో విరగలేదు. మత్తు డాక్టరు ఒక రబ్బరు సంచిని చేత్తో పిసుకుతూ నాకు గాలి పంపిస్తున్నారు. మెలకువ వచ్చినప్పుడు నాకు తెలిసింది ఆ సంచి చప్పుడు ఒక్కటే. అమ్మా అని పిలవాలనుకున్నాను. నోరు నాది కానట్టుంది. నా కంటి కొస నుంచి నీరు కారడం ఆ డాక్టరే చూశారట. ఆయన సింహాద్రిపురం వైపు మనిషి. వంగి నా చెవి దగ్గర మెల్లగా అన్నారు.

"అమ్మీ, నీకు ఇనపడతాందని నాకు తెలుసు. భయపడొద్దు. నీ ఊపిరి సంగతి నేను చూసుకుంటాండా. నువ్వు ఊరికే పడుకో."

నిద్రకు కొంచెం మందు కూడా ఇచ్చారట. భయం సద్దుమణిగింది. మూసిన రెప్పల మీద కిటికీ వెలుతురు ఎర్రగా, వెచ్చగా ఉంది. నేను మంచం మీద ఉన్నానో, పెన్నలో వెల్లకిలా తేలుతున్నానో తెలియలేదు.

ఏం చేయాలో అక్కడ ఎవరికీ పాలుపోలేదు. కండరాలు కదలడానికి ఇంకో ఇంజక్షన్ ఇద్దామని ఆపరేషన్ చేసిన డాక్టరు అన్నారట. కర్నూలుకు పంపుదామా అని కూడా అనుకున్నారట. అప్పుడు నర్సు బయటికి వచ్చి, మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇట్లా అయిందా అని అడిగింది. అమ్మా నాన్నా లేదన్నారు. జేజి గోడ పట్టుకొని లేచి, తలుపు దాకా పోయి, లోపలున్న మత్తు డాక్టరుతో చెప్పింది.

"మా తమ్మునికి అయింది సార్. ఆపరేషన్ బాగనే అయిందన్న్యారు. పిల్లోడు మళ్లా లేయలేదు."

జేజికి ఒక తమ్ముడు ఉండేవాడని నాన్నకు కూడా ఆ రోజే తెలిసింది. ఆ ఇంటి రక్తంలో ఏదో లోపముందంటే ఆడపిల్లలకు పెళ్లిళ్లు కావని, ఆమె పుట్టింటివాళ్లు ఆ పిల్లవాడి పేరే ఎత్తకుండా పెట్టుకున్నారు. అక్కకు కూడా ఏడ్చే వీలు లేకపోయింది.

ఆ ఒక్క మాటతో మత్తు డాక్టరుకు సంగతి అర్థమైంది. వేరే ఇంజక్షన్ వద్దన్నారు, నన్ను ఎక్కడికీ కదిలించొద్దన్నారు. మందు దానంతటది పోయేదాకా గాలి పంపుతూ కూర్చోవడమే దారి అన్నారు. ఆయన చెయ్యి నొప్పి పుడితే నర్సు, ఆమె అలిసిపోతే ఆయన సంచి పట్టుకున్నారు. జేజిని లోపలికి పిలిపించారు.

"అవ్వా, పాప వింటాంది. ఏమన్నా చెప్తా ఉండు."

జేజి నా చెయ్యి తన అరచేతిలోకి తీసుకుంది. తర్వాత తమ్ముడి గురించి మొదలుపెట్టింది. ఎండాకాలం పెన్న ఇసుకలో చెలమ తవ్వి, అక్కకే ముందు నీళ్లు తాపేవాడట. బల్లిని చూస్తే వణికేవాడట. కాళ్లు అందని సైకిల్ తొక్కి, చొక్కా చింపుకొని వచ్చి, అమ్మకు చెప్పొద్దని బతిమాలేవాడట. ఆమె చెబుతుంటే నాకు ఇసుక కనిపించింది, నా ఈడు పిల్లవాడొకడు నా పక్కన నడిచాడు. చెలమలో నీళ్లు చల్లగా ఉన్నాయి.

చివర్లో అతన్ని ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయిన రోజు దాకా వచ్చింది. "పోయొచ్చాక్కా అన్న్యాడు. నేను సరే పోయిరా అంటి. అంతే తల్లీ."

నేను ఏదో ఒకటి అనాలనుకున్నాను. అనలేక ఆమె అరచేతిలో ఉన్న నా చిటికెన వేలిని కదపబోయాను. కదిలింది. జేజి దాన్ని డాక్టరుకు చూపించిందట. పొద్దు వాలేసరికి నా ఊపిరి నేనే తీసుకున్నాను.

అమ్మ ఏదో పాపం చేసినట్టు కుమిలిపోతుంటే డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు. ఆ మందును విరిచే ఎంజైమ్ ఒకటి కాలేయంలో తయారై రక్తంలోకి వస్తుందట. దాన్ని తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి బిడ్డకు వస్తుంది. ఒకటి బాగుంటే ఇబ్బంది ఉండదు. నాకు రెండూ చెడ్డవే వచ్చాయి. ఇందులో ఎవరి తప్పూ లేదన్నారు. ఆ ఇంజక్షన్ పడనంతవరకు నేను అందరిలాంటి పిల్లనే. ఇకమీద ఎవరికి ఆపరేషన్ అన్నా ఈ సంగతి ముందే చెప్పమని, చుట్టాలందరికీ తెలియజేయమని అన్నారు.

ఆ పని జేజి తన మీద వేసుకుంది. బస్సెక్కి కొండాపురం, పులివెందుల, చుట్టాలున్న ప్రతి ఊరికీ పోయి, తమ్ముడి పేరు చెప్పి మరీ చెప్పింది. కొందరు ముఖాలు మాడ్చుకున్నారు. మా చిన్నత్తకు కుదిరేలా ఉన్న సంబంధం ఒకటి ఆ మాటతోనే వెనక్కి పోయింది. జేజి ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు మళ్లీ బస్సెక్కింది.

ఇప్పుడు ఆ లోపానికి రక్తపరీక్ష ఉంది. మా పిల్లలందరికీ చేయించాను. మా మనవరాలు మొన్న కాన్పుకు పోతూ, డాక్టరు అడగకముందే తన సంగతి తానే చెప్పిందట.

జేజి ఆఖరి రోజుల్లో ఎవరు పిలిచినా పలకలేదు. ఆమెకిక ఏమీ తెలియదని అందరూ మెల్లగా లేచి వెళ్లిపోయేవారు. నేను మాత్రం ఆమె చెవి దగ్గర కూర్చొని, ఊళ్లో సంగతులు, అంగడి సంగతులు, నాకు తోచినవన్నీ చెబుతూ ఉండేదాన్ని. ఆమె విన్నదో లేదో నాకు తెలియదు. కానీ ఆనాటి నుంచి, పలకలేని మనిషి పక్కన నేను మాట్లాడకుండా కూర్చోలేదు.